రెండు తాళాల పంచాయితీ

రువైస్ క్యాంపు, అబూదాబీ
10 ఏప్రిల్ 1982

మా ఎర్రగుంటపల్లి గ్రామ పంచాయితీ గుమాస్తా పర్శరాములు మామకు, అయిదో వార్డు మెంబరు పోచన్న నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. ఈ మాట అందరూ రాసే అలవాటుకొద్దీ రాయడం లేదు మామా, ఒట్టేసి రాస్తున్నాను.

మొన్న గౌరవ్వ ఉత్తరం అందింది. మార్చి పన్నెండున రాయించిందట. పై సగం నిండా తిట్లున్నాయి. కింది సగం కన్నీళ్ళకు తడిసిందో, తపాలా సంచిలో తడిసిందో, ఒక్క అక్షరం కూడా తెలియకుండా అలుక్కుపోయింది. చదవగలిగినంతలో అర్థమైంది ఒకటే. మార్చి ఎనిమిదిన నువ్వు నన్ను చావుల రిజిస్టరులో ఎక్కించావట. ముందు నవ్వాను. తర్వాత ఒళ్ళంతా తడుముకున్నాను.

మామా, తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. ఫిబ్రవరిలో నీకు నేనే రాశాను, ‘ఈ నెలాఖరుకు నేను ఖలాస్, పెట్టె ముందుగా పంపుతున్నాను, గౌరవ్వకు అప్పగించండి’ అని. ఇక్కడ అన్నం అయిపోతే ఖలాస్, నీళ్ళు అయిపోతే ఖలాస్, కాంట్రాక్టు అయిపోతే ఖలాస్. మన ఊళ్ళో మాత్రం మనిషి పోతేనే ఖలాస్ అంటారని రాసేటప్పుడు తోచలేదు. పెట్టె అంటే చీరలూ సబ్బులూ పెట్టిన పెట్టె. నన్ను పెట్టిన పెట్టె కాదు.

రిఫైనరీ పైపులకు రంగు వేసే నా పని అయిపోయింది. నా బదులు మనిషి వచ్చేదాకా పాస్‌పోర్టు ఇవ్వనని ముదీర్, అంటే ఇక్కడి మేనేజరు, కూర్చున్నాడు. రెండు నెలలు పడుతుందట. అందాకా నన్ను బతికించి పెట్టు.

ఇట్లు,
నీ పోచన్న

తా.క. పెట్టెలో నీ కోసం ఒక జపాను పెన్ను పెట్టాను. చావుల్లోంచి నా పేరు కొట్టెయ్యడానికి దాన్నే వాడు.

*

గ్రామ పంచాయితీ కార్యాలయం, ఎర్రగుంటపల్లి
12 ఏప్రిల్ 1982

కీర్తిశేషులు పోచన్నకు గుమాస్తా పర్శరాములు ఆశీర్వదించి రాయునది. దీర్ఘాయుష్మంతుడవై వర్ధిల్లుము. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. రిజిస్టరు ప్రకారం మనిద్దరిలో ఒకరే కుశలం. కాబట్టి ఏకకుశలోపరి.

నీ ఉత్తరంలోని విషయం తెలిసింది. నీది నలభై ఒకటో వరుస. ఒకసారి ఎక్కిన వరుసను తీసెయ్యడానికి గుమాస్తాకు అధికారం లేదు. పంచాయితీ సమావేశం తీర్మానం చెయ్యాలి. సమావేశానికి కోరం ఉండాలి, అంటే తొమ్మిదిమందిలో అయిదుగురు రావాలి. సర్పంచి రాజలింగం వైపు అతనితో కలిపి నలుగురు. ఉపసర్పంచి సనావుల్లా వైపు అతనితో కలిపి నలుగురు. వీళ్ళు పిలిస్తే వాళ్ళు రారు, వాళ్ళు పిలిస్తే వీళ్ళు రారు. ఎటూ కాని తొమ్మిదోవాడివి నువ్వు. నువ్వొస్తే అయిదుగురవుతారు. రావాలంటే నువ్వు బతికుండాలి. బతికుండాలంటే తీర్మానం కావాలి. తీర్మానానికి అయిదుగురు కావాలి. మూడుసార్లు చూశాను, ఎటు తిప్పినా నీ దగ్గరికే వచ్చి ఆగుతోంది.

నువ్వు ఊరు విడిచిన నాటినుంచీ బోరు మోటారు బంద్, వీధి దీపాలు బంద్. సనావుల్లా వల్ల బంద్ అని రాజలింగం అంటాడు, రాజలింగం వల్ల అని సనావుల్లా అంటాడు. మార్చి తొమ్మిదిన రాజలింగం ఆఫీసుకు తాళం వేశాడు. దాని పక్కనే సనావుల్లా తన తాళం వేశాడు. నేను ఎప్పటిలాగే నా కుర్చీలో ఉన్నాను. పని ఆపలేదు.

ఇక నీ చావుకు సాక్ష్యం అడిగితే, నువ్వు స్వహస్తంతో రాసి సంతకం పెట్టిన ఉత్తరమే ఉంది. ముప్పై ఏళ్ళ నౌకరీలో, తన చావును తానే ఇంత బాధ్యతగా తెలియజేసిన పౌరుణ్ణి నేను చూడలేదు.

ఇట్లు,
పర్శరాములు, గుమాస్తా

తా.క. నెల రోజులుగా నాకు ఎవరూ చాయ్ పంపడం లేదు. పంచాయితీ బంద్ అయితే చాయ్ కూడా బంద్ చేస్తారా? చిత్రమేమంటే, తాగాలని కూడా అనిపించడం లేదు.

*

రువైస్ క్యాంపు
14 ఏప్రిల్ 1982

పర్శరాములు మామకు బతికే ఉన్న పోచన్న నమస్కారాలు.

మామా, నీకు శనివారం ఉత్తరం వేశాను. మంగళవారం పొద్దున నా రేకు పళ్ళెం కింద నీ జవాబు ఉంది. క్యాంపుకు తపాలా అబూదాబీ నుంచి కంపెనీ బండిలో గురువారం గురువారం వస్తుంది. మన ఊరి ఉత్తరమంటే మూడు వారాలు, ఒక్కోసారి నెల. నీ కవరు మీద స్టాంపు లేదు, ముద్ర లేదు. సర్కారు ఆఫీసు మూడు రోజుల్లో జవాబు ఇచ్చిందంటే నాకు అప్పుడే భయం వేసింది.

ఆ కవరును ముందు చూసింది వంటాయన భీమరాజు. గోదావరి మనిషి, తెలుగు చదవడం వచ్చు. ‘కీర్తిశేషులు పోచన్నకు’ అని చదివి, చేతులు కట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

“ఏవండీ పోచన్నగారూ, తవరు పోయారంటగా? ఓ మాట చెప్పొద్దాండీ మాకు? రోజూ ఎదురుగుండానే తింటన్నారు!”

ఆ పూటనుంచి నా పళ్ళెంలో అన్నం పెట్టడం మానేశాడు. నా వంతు ముద్ద చేసి క్యాంపు కంచె మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతున్నాడు. ఇక్కడ కాకులు లేవు మామా. సముద్రపు పక్షులొచ్చి తినేస్తున్నాయి. నేను ఖుబ్జ్ రొట్టెలతో కాలం గడుపుతున్నాను.

పొద్దున హాజరు పిలిచేటప్పుడు నా పేరు పిలవడం లేదు. కాంట్రాక్టు అయిపోయినవాణ్ణి ఎందుకు పిలుస్తారు, అది న్యాయమే. అయినా నా ముందువాడి పేరూ నా వెనకవాడి పేరూ పిలిచి నన్ను దాటిపోతే గుండె ఝల్లుమంటోంది. మొన్న పన్నెండో తేదీ పొద్దున ఉండబట్టలేక, పిలవకపోయినా “హాజర్!” అని గట్టిగా అరిచాను. ఒక్కడూ తల తిప్పలేదు.

అసలు భయం అది కాదు. గౌరవ్వ రాయించిన ఇంకో ఉత్తరం వేరే గదికి పోయి నిన్న నా చేతికొచ్చింది. కులపెద్దలు గౌరవ్వను గాజులు తియ్యమంటున్నారట. ఆమె మొండికేసింది. ‘పంచాయితీ కాగితం చూపెట్టుండ్రి, అప్పుడు తీస్త’ అందట. ఆఫీసు బంద్ కాబట్టి కాగితం లేదు, కాగితం లేదు కాబట్టి గాజులు ఉన్నాయి. నేను రాసే ఉత్తరాలు చూపిస్తే, ‘బతికున్నప్పుడు రాసినవి ఇప్పుడు అందుతున్నాయి’ అంటున్నారట. తేదీ చూపిస్తే, తేదీ ఎవరైనా వెయ్యొచ్చు అంటున్నారట.

నేను ఇక్కడినుంచే ఉత్తరం మీద ఓటు పంపుతాను. పోచన్న బతికే ఉన్నాడన్న తీర్మానానికి పోచన్న అనుకూలం. అయిదో చెయ్యిగా లెక్కపెట్టుకో.

ఇట్లు,
నీ పోచన్న

తా.క. నీ కాగితం చల్లగా ఉంది, తడి మట్టి వాసన వస్తోంది. దిండు కింద పెట్టుకుంటే దిండంతా చల్లబడింది. ఈ ఎండల్లో బాగానే ఉంది, ఇంకో రెండు పేజీలు ఎక్కువ రాయి.

*

పంచాయితీ కార్యాలయం
17 ఏప్రిల్ 1982

కీర్తిశేషులు పోచన్నకు పర్శరాములు ఆశీస్సులు.

నీ ఓటు చెల్లదు. చనిపోయినవాడికి ఓటు లేదన్నది ఒక కారణం. ఒకవేళ బతికున్నావనే అనుకున్నా, నువ్వు బతికున్నావా లేదా అన్నది నీ సొంత వ్యవహారం. సొంత వ్యవహారంలో మెంబరు ఓటు వెయ్యకూడదు. నీకు సంబంధం లేని విషయమైతే చూసేవాళ్ళం.

ఇంకో కష్టం చెబుతాను విను. నువ్వు పోతే అయిదో వార్డుకు మళ్ళీ ఎన్నిక వస్తుంది. ఆ ఎన్నిక మాదే అని రాజలింగం నమ్మకం. మాదే అని సనావుల్లా నమ్మకం. ఈ ఊళ్ళో రెండు వర్గాలూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం నీ చావు పోచన్నా. నిన్ను చంపింది నువ్వంటే నువ్వని తిట్టుకుంటూనే, నువ్వు పోయావన్న దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటే మాట.

ఇదంతా నాకెలా తెలుసంటావేమో. వాళ్ళు పోట్లాడుకునేది ఈ ఆఫీసు అరుగు మీదే. నిన్న మరీ మోత ఎక్కువైతే, నేను లోపలినుంచి ఒక్కసారి దగ్గాను. ఇద్దరూ చెరొక వైపు పరుగెత్తారు. సనావుల్లా చెప్పు ఒకటి అరుగు మీదే ఉండిపోయింది. ఇంతకాలం నౌకరీ చేశాను, నా దగ్గుకు ఇంత విలువ ఎన్నడూ లేదు.

మే మూడున పంచాయితీ సమితి నుంచి ఆఫీసరు వస్తున్నాడు. తాళాలు తీయించి, రిజిస్టరు చూసి, నలభై ఒకటో వరుసకు నకలు రాసి ఇస్తాడట, ఎన్నిక కోసం. నకలంటే కాగితం. గౌరవ్వ అడిగింది ఆ కాగితాన్నే.

అందుకని నియమం తప్పకుండా నేనే ఒక సమావేశం పెట్టి చూశాను. ఖాళీ కుర్చీల ముందు నిలబడి తొమ్మిది పేర్లూ పిలిచాను. ఎనిమిది కుర్చీలు పలకలేదు. అయిదో వార్డు అనగానే “హాజర్!” అని వినపడింది. నీ గొంతే. అది పన్నెండో తేదీ పొద్దున. మినిట్సు పుస్తకంలో రాసుకున్నాను. కోరానికి ఇంకా నలుగురు తక్కువ.

ఒక్క మాట మనసులో పెట్టుకోలేక రాస్తున్నాను. మార్చి ఎనిమిదిన నాకు ఒళ్ళు కాలిపోతోంది. నీ ఉత్తరం చదువుతుంటే అక్షరాలు ఈదుతున్నాయి. రెండోసారి చదవాల్సింది, చదవలేదు. నీ పేరు ఎక్కించి, టేబులు మీద తల పెట్టి ఒక్క నిమిషం కన్ను మూశాను. అప్పటినుంచి జ్వరం లేదు కానీ, నీ ముఖమే కళ్ళ ముందు ఉంటోంది.

ఇట్లు,
పర్శరాములు, గుమాస్తా

తా.క. సిరాబుడ్డి ఎండిపోయి మూడు వారాలైంది. పాళీ దాంట్లోనే ముంచి రాస్తున్నాను. రాస్తూనే ఉంది.

*

రువైస్ క్యాంపు
20 ఏప్రిల్ 1982

మామా,

ఈసారి నమస్కారాలు లేవు. కోపంగా ఉంది. భయంగా కూడా ఉంది.

ఆ హాజర్ నాదే. ఇక్కడ రిఫైనరీ గేటు దగ్గర అరిస్తే ఒక్కడు వినలేదు, అక్కడ తాళం వేసిన గదిలో నీకు వినపడింది. మరి నేనెక్కడ ఉన్నట్టు? పొద్దుగూకే వేళ ఇక్కడ ఒక పక్క రిఫైనరీ మంట, ఇంకో పక్క కరెంటు దీపం, ప్రతి మనిషికీ రెండు నీడలు పడతాయి. నిన్న నా నీడలు చూసుకున్నాను. రెండూ ఉన్నాయి. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

భీమరాజుకు మాత్రం ఏ అనుమానమూ లేదు. నిన్న నా దగ్గరికొచ్చి, కింద చూస్తూ మెల్లిగా అడిగాడు.

“మా అమ్మ మాణిక్యాంబగారండీ. పోయి ఆరేళ్ళయింది. తవరికి అక్కడ అగుపడితే, పులస చేపల పులుసులో బెల్లం ముక్క ఎప్పుడేసేదో ఓపాలి కనుక్కోండి బాబూ. ఎన్నిసార్లు చేసినా ఆ రుచి రాట్లేదు.”

తిడదామనుకున్నాను. అతని కళ్ళు చూసి ‘అడుగుతాలే’ అన్నాను. అడుగుతానన్నాక అనిపించింది, నేనే ఒప్పుకున్నట్టయింది కదా అని.

మామా, నాకు ఓటు వద్దు, మెంబరుగిరీ వద్దు, ఎవరు మోటారు ఆపారో, ఎవరు దీపాలు ఆర్పారో ఆ లొల్లీ వద్దు. గౌరవ్వ చేతికి గాజులుంటే చాలు. పెళ్ళయి పదమూడేళ్ళయింది. ఆమె ఇంట్లో ఎక్కడుందో నేను ఎన్నడూ పిలిచి అడగలేదు, ఆ గాజుల చప్పుడే చెప్పేది. నేను బతికుండగా ఆ చేతులు బోసిపోతే, ఆ తర్వాత నేనొచ్చి ఏం చెయ్యను?

అందరి మీదా నిందలు వేసుకున్నారు. పేరు రాసింది మాత్రం నువ్వు. దిద్దాల్సిందీ నువ్వే.

ఒకటి గుర్తుందా? మూడేళ్ళ కింద రేషను జాబితాలో గౌరవ్వ పేరు పక్కన పురుషుడు అని రాశావు. ఆమె ఆఫీసుకొచ్చి అరుగు ఎగిరిపోయేటట్టు లొల్లి చేసింది. అప్పుడు ఏ తీర్మానమూ అడగలేదు నువ్వు, ఏ కోరమూ అడగలేదు. టక్కున కొట్టేసి, పక్కన ‘కలం తప్పు’ అని రాసి సంతకం పెట్టావు. గుమాస్తాకు ఆ అధికారం ఉందని నువ్వే చెప్పావు. మరి నా చావు కలం తప్పు కాదా మామా?

నీ పోచన్న

తా.క. భీమరాజు అమ్మగారు నీకు ఎక్కడైనా కనపడితే ఆ బెల్లం సంగతి కనుక్కో. ఎందుకు నిన్ను అడుగుతున్నానో నాకూ తెలియదు.

*

పంచాయితీ కార్యాలయం
22 ఏప్రిల్ 1982

చిరంజీవి పోచన్నకు పర్శరాములు ఆశీర్వదించి రాయునది. పైన ఏమని రాశానో ఇంకోసారి చదువుకో. కీర్తిశేషులు అనలేదు.

కలం తప్పు సంగతి నువ్వు గుర్తు చేసేదాకా నాకు తట్టనే లేదు. నియమాల పుస్తకం తీసి చూశాను. నిజమే, పేరు తప్పు పడితే దిద్దడానికి గుమాస్తా ఒక్కడి సంతకం చాలు. అయితే ఒక చిక్కు ఉంది. పేరు మార్చవచ్చు కానీ వరుస ఖాళీగా వదలకూడదు. నలభై ఒకటి అని పడ్డాక అక్కడ ఎవరో ఒకరు ఉండాలి. నిజంగా పోయినవాళ్ళై ఉండాలి, ఇంతవరకు ఎక్కనివాళ్ళై ఉండాలి.

రెండు రోజులు కూర్చుని ఊళ్ళో ఎవరిని మరిచిపోయానా అని ఆలోచించాను. ఒక పేరు దొరికింది. మార్చి ఎనిమిదో తేదీదే, తేదీ కూడా దిద్దక్కర్లేదు. అంత దగ్గరి పేరు ఇన్నాళ్ళూ ఎలా మరిచిపోయానో నాకే నవ్వొచ్చింది.

మనిద్దరిలో ఒకరే కుశలమని మొదటి జవాబులో రాశాను. ఆ మాట మార్చడం లేదు.

నీ పెట్టె నిన్ననే ఊరికి చేరింది. అనుమతి అడగకుండా పెన్ను తీసుకున్నాను, ఏమీ అనుకోకు. గౌరవ్వకు నా తరఫున క్షమాపణ చెప్పు. పురుషుడని రాసినందుకు కూడా.

ఇక సెలవు.
పర్శరాములు

తా.క. బెల్లం దించిన తర్వాత వెయ్యాలట. పొయ్యి మీద ఉండగా వేస్తే రుచి విరిగిపోతుందట.

*

ఎర్రగుంటపల్లి
4 మే 1982

మా ఇంటాయనకు గౌరవ్వ రాయించునది. సనావుల్లా పెండ్లాం హబీబున్నీసా రాస్తున్నది. నేనెట్ల చెప్తె అట్లనే రాయి, దిద్దకు అని ఆమెకు చెప్పిన.

నిన్న సమితి ఆఫీసరు వచ్చిండు. ముందుగాల ఎవల తాళం తియ్యాలె అని రాజలింగం, సనావుల్లా గంటసేపు కొట్లాడిండ్రు. ఆఖరికి ఇద్దరూ ఒక్కసారే తీసిండ్రు. లోపలికి పోవుడు మాత్రం నువ్వు ముందంటె నువ్వు ముందు అన్నరు. లోపట దగ్గు ఇనవడ్డదని ఇద్దరికీ బుగులు. ఎనుమండుగురు మొగోళ్ళు అరుగు మీద నిలవడ్డరు. కాగితం అడిగింది నేనే గద, నేనే పోయిన.

కింద మందంగ దుమ్ము. ఒక్క అడుగు గుర్తు లేదు. కుర్చీల మీద దుమ్ము, బల్ల మీద దుమ్ము. రిజిస్టరు మీద మాత్రం లేదు. దాని మీద కొత్త పెన్ను పెట్టి ఉన్నది. నీ పెట్టె వచ్చిన దినం ఊరంతా దూరం నిలవడి, ‘గింత చిన్న పెట్టెల పోచన్న ఎట్ల పట్టిండు’ అని గుసగుస పెట్టిండ్రు. నేను దాన్ని ఇప్పలే. మొన్నటిదాంక ముడేసిన తాడు ముడేసినట్టే ఉన్నది. నిన్న ఇంటికొచ్చి ఇప్పితె చీరలున్నయి, సబ్బులున్నయి, పెన్ను డబ్బ ఉన్నది. డబ్బల పెన్ను లేదు.

ఆఫీసరు రిజిస్టరు తెరిచి అందరికి ఇనవడేటట్టు సదివిండు. నలభై ఒకటో వరుసల నీ పేరు కొట్టేసి, పక్కన కలం తప్పు అని రాసి సంతకం ఉన్నది. కింద వేరే పేరు ఉన్నది. పర్శరాములు, గుమాస్తా, వయసు యాభై ఏడు, జ్వరం, మార్చి ఎనిమిది.

పర్శరాములు సారు సచ్చిపోయి రెండు నెలలాయె. నీ పేరు ఎక్కిచ్చిన పొద్దుగూకే బల్ల మీద తల పెట్టి అట్లనే పోయిండు. మార్చిల రాయించిన ఉత్తరంల కింది సగం అంత ఇదే ముచ్చట, నువ్వు సదువలేదా? సారును కాలవెట్టి వచ్చినంక రెండు తాళాలు పడ్డయి. సారు సావు ఎక్కించెటందుకు రిజిస్టరు లోపల పడె, రాసెటందుకు గుమాస్తా లేకపాయె. రాజలింగమో సనావుల్లానో తాళం తీస్తె సారు ఎప్పుడో పోతుండె. ఊరందరికి దస్తకత్తు పెట్టిన మనిషి, ఆయినది ఆయినే పెట్టుకోవాల్సి వచ్చింది. నాకు ఆడ్నే దుఃఖం ఆగలే.

పంపిన ఉత్తరాల పుస్తకంల నీ పేరు మీద మూడు ఉత్తరాలు రాసి ఉన్నయి, అన్ని ఏప్రిల్‌ల తారీకులే. అది సదువుతుంటనే తపాలాయన వచ్చి నువ్వు సారుకు ఏప్రిల్‌ల రాసిన మొదటి ఉత్తరం ఇచ్చిండు. ముద్ర ఉన్నది, అంటు ఇప్పలేదు. తక్కిన ఉత్తరాలు ఏమన్న రాసినవో, అవి ఇంకా రాలేదు. ఆఫీసరుకు చెమటలు పట్టినయి. నకలు లేదు, ఎన్నిక లేదు, పోచన్న బతికే ఉన్నడు అని రాసిచ్చి జీపెక్కిండు.

కులపెద్దలు నా దిక్కు సూడలే. నేను ఇంటికి పోయి చాయ్ పెట్టుకొచ్చి సారు కుర్చీ ముందల పెట్టి, గాజుల చేతులతోని మొక్కిన.

ఇప్పుడు మళ్ళ నలుగురు, నలుగురు. సచ్చినాయినతోని రెండు నెలలు నౌకరి చేయించింది మీరంటె మీరని అరుగు మీద లొల్లి. మోటరు ఇంకా నడుస్తలేదు. నువ్వొస్తె అయిదుగురైతరు. జెప్పన రా.

ఇట్లు,
గౌరవ్వ

తా.క. ఈ ఉత్తరం నీకు అందుడుకు నెల పడ్తది. పట్టాలె. రెండు దినాలకే అందితె ఇప్పకు.